సూదికి కాపలా

నా దగ్గర నాలుగు వందల పన్నెండు గ్రామఫోను రికార్డులున్నాయి. మా ఆవిడ కుముదను అడిగితే నాలుగు వందల పన్నెండు నల్లపళ్ళాలని చెబుతుంది, వాటిలో ఒక్కదాని మీదా అన్నం వడ్డించుకోలేమని కూడా కలుపుతుంది. ఆమెది శ్రీనివాసపురం, మామిడితోటల ఇల్లు. వాళ్ళ ఇంట్లో ఏదైనా కూడబెట్టారంటే అది ఊరగాయే. తినడానికి పనికిరాని వస్తువును పాత దుప్పట్లో చుట్టి మంచం కింద దాచే మనిషిని ఆమె పెళ్ళికి ముందు చూడలేదు. పాతికేళ్ళుగా చూస్తూ ఉంది కాబట్టి అలవాటు పడిందనుకుంటే పొరపాటు.

మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక బంగళాల్లోని దొరలు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకున్నారు. వాళ్ళ పియానోలు, కుర్చీలు, గోడ మీది జింక తలలు వేలానికి పోయాయి. రికార్డులు మాత్రం ఎవరికీ అక్కరలేక వంటవాళ్ళకూ తోటమాలులకూ మిగిలాయి. నేను చాంపియన్ రీఫ్స్‌లో గని స్టోర్సు గుమాస్తాను. ఏ బంగళా ఎప్పుడు ఖాళీ అవుతుందో, ఏ తోటమాలి నీళ్ళకుండ మీద రికార్డును మూతగా పెట్టుకున్నాడో నాకు ముందే తెలిసేది. కుండ మీది రికార్డు కావాలంటే ఆ కుండకు వేరే మూత పట్టుకుపోవాలి. ఆ రోజుల్లో మా వంటింట్లో మూతలు ఎందుకు తగ్గిపోయాయో కుముదకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

మా ఊళ్ళో రికార్డులకు ఇద్దరు శత్రువులు. ఒకటి బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి పోసే సయనైడు దిబ్బల మీదినుంచి వచ్చే సన్నటి దుమ్ము. ఎంత తుడిచినా అది పాటలోకి దిగి గరగరమంటుంది. దానితో ఎలాగో సర్దుకోవచ్చు. రెండోది బర్స్టు. కింద పది వేల అడుగుల లోతున ఒత్తిడికి రాయి పగిలిందంటే పైన గోడకు గోడ ఆనించి కట్టిన మా లైన్ ఇళ్ళన్నీ ఒక్క కుదుపుతో అదురుతాయి. గోడకు తగిలించిన పటాలు పక్కకు తిరుగుతాయి.

బర్స్టు వస్తే అందరం ముందు మనుషుల్ని గనిలోకి దించే షాఫ్టు వైపు చూస్తాం. పక్కింటి అంజినప్ప గనిలోకి దిగే మనిషి. అతని భార్య అంబుజమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. కుముద వెళ్ళి ఆమె పక్కన నిలబడుతుంది. ప్రమాదం సైరను మోగకుండా పది నిమిషాలు గడిస్తే అంబుజమ్మ లోపలికి పోయి పొయ్యి సంగతి చూసుకుంటుంది. ఆ పది నిమిషాలూ నేను రికార్డు గురించి ఆలోచించనని అబద్ధం చెప్పను. ఆలోచిస్తాను, సిగ్గుపడతాను, మళ్ళీ ఆలోచిస్తాను.

ఎందుకంటే ఆ కుదుపుకు సూది ఎగిరి పడితే రికార్డు మీద గీత పడుతుంది. ఇక ఆ పాట ఎప్పుడు పెట్టినా ఆ గీత దగ్గర ఎగురుతుంది, లేదా వెనక్కి పోయి అన్నదే అంటుంది. అట్లా ముప్పై ఏడు రికార్డులు పోయాయి. ముప్పై ఎనిమిదోది పోవలసిన రోజున మా అమ్మాయి వత్సలకు అయిదేళ్ళు. గ్రామఫోను పక్కన కూర్చుని చక్కిలం తింటోంది. వంటింటి అర మీద పాత్రలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. నేను తల తిప్పేలోగా పిల్ల చెయ్యి చాపి సూదిని పైకెత్తేసింది. ఆ తరువాత ఇల్లు అదిరింది. అదంతా ఒక రెప్పపాటు. సూదిని గాల్లోనే పట్టుకుని నావైపు చూసింది.

"నాయనా, దించేదా?"

ఆ రోజే దానికి ఉద్యోగం ఇచ్చాను. ముక్కాలిపీట ఒకటి చేయించాను. ప్రతి ఆదివారం నాలుగు గంటలకు నా స్నేహితులు వస్తారు. ఒకరు హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయిన వెంకటేశయ్య గారు, ఇంకొకరు రాబర్ట్‌సన్‌పేటలో బట్టలకొట్టున్న సుబ్బరాయశెట్టి. మేము ముగ్గురం కళ్ళు మూసుకుని సంగీతం వింటాం. వత్సల కళ్ళు తెరుచుకుని, కుడిచెయ్యి సూదికి జానెడు దూరంలో పెట్టుకుని పీట మీద కూర్చుంటుంది. జీతం రెండు చక్కిలాలు. పన్నెండేళ్ళలో ఒక్క రికార్డూ పోలేదు.

ఇంత సంగీతం పక్కన పెరిగిన పిల్లకు గొంతులో కాస్తయినా దిగి ఉంటుందనుకున్నాను. పాట నేర్పించడానికి పంపాను. మూడు నెలలకు పంతులమ్మ గారే మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, "పిల్ల బంగారమండి, పాట మాత్రం వద్దు" అని చెప్పి వెళ్ళారు. నాకు రోషం వచ్చింది. ఆ సాయంత్రమే ఒక రికార్డు పెట్టి ఇది ఏ రాగమో చెప్పమన్నాను.

"నాకు తెలీదు నాయనా," అంది వత్సల. "నేను పాట యాడ వింటాను. పాత్రలు వింటాను గదా."

ఇన్నేళ్ళుగా నా సంగీత సభలో కూర్చున్న పిల్ల వంటింటి అరను వింటూ కూర్చుందన్నమాట. లోపలినుంచి కుముద నవ్వు వినిపించింది. నవ్వనీ అని ఊరుకున్నాను కానీ నిజానికి బాధేసింది.

హాకీ మా ఇంట్లోకి రేషను షాపు దారిన వచ్చింది. క్యూలో ఎవరి చేతిలోంచో నూనెసీసా జారింది. వత్సల వంగి, అది మోకాలి ఎత్తులో ఉండగానే పట్టేసుకుంది. వెనక నిలబడ్డ మునిస్వామి అది చూశాడు. మునిస్వామి ఒకప్పుడు గనిలో సొరంగాలకు దుంగలు ఆన్చే పని చేసేవాడు. రెండు వేళ్ళు గనిలోనే పోయాయి. రిటైరయ్యాక ఆడపిల్లలకు హాకీ నేర్పుతున్నాడు. ఆ వారమే అతను మా ఇంటికి వచ్చి, గడప బయటే నిలబడి అడిగాడు.

"సార్, మీ పాపను గోలులో నిలబెడతాను. ఇంగ ఏమీ అడగను."

ఒప్పుకున్నాను. నాలుగు రోజులు పోతే మోకాళ్ళు కొట్టుకుపోయి తానే మానుకుంటుందనుకున్నాను. రెండేళ్ళయినా మానలేదు.

ఆటలంటే నాకు గౌరవం తక్కువ. సంగీతంలో ఒకరు తప్పు చేస్తే అందరూ బాధపడతారు. ఆటలో ఒకరు తప్పు చేస్తే సగం మంది చప్పట్లు కొడతారు. క్రికెట్ అయితే మరీ, రేడియోలో అయిదు రోజులు చెబుతారు, ఆఖరికి ఎవరూ గెలవలేదంటారు. హాకీ కాస్త నయం, గంటకు కొద్దిగా ఎక్కువలో అయిపోతుంది. అయినా ఇరవై మంది అటూ ఇటూ పరుగెత్తుతుంటే మా పిల్ల ఒక్కచోట నిలబడి కాపలా కాయడమేమిటో, దానికి రెండు ఊళ్ళ జనం రావడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఇంట్లో చేసే పని అదేనని నాకు తట్టలేదు.

ఆ ఏడు మామిడికాయల కాలం అయిపోతుండగా ఫారం వచ్చింది. రాష్ట్ర జూనియర్ ఆడపిల్లల జట్టుకు బెంగళూరులో మూడు వారాల శిక్షణ. అందులో ఎన్నికైతే అక్కడే హాస్టల్లో ఉండి రెండేళ్ళు ఆట, చదువు. అడుగున తండ్రి సంతకం. సోమవారం పొద్దున రైలుకు మునిస్వామి ఫారాలు తీసుకుని పోవాలి. నేను దాన్ని గ్రామఫోను కింద పెట్టి పదిరోజులు మరచిపోయినట్టు నటించాను.

వత్సల అడగలేదు. పొద్దునా సాయంత్రం గ్రామఫోను వైపు చూసి, నా వైపు చూసి, ప్యాడ్లు కట్టుకుని పోయేది. అడిగింది కుముద.

"సంతకం ఏమయింది?"

"చదువు పాడవుతుంది," అన్నాను.

"చదువు ఆడనే చెప్పిస్తారంట."

"హాస్టల్ తిండి పడదు దానికి."

"మూడు పూటలూ సంగటి పెట్టినా తింటాది. మీకు తెలీదా?"

"ఒంటరిగా ఎట్లా ఉంటుంది?"

"పదహారు మంది ఆడబిడ్డలు పోతా ఉండారు," అని కుముద నా ఎదురుగా కూర్చుంది. "సూది ఎవరు పట్టుకుంటారని మీ దిగులు. ఆ మాట చెప్పేస్తే సరిపోతాది గదా, ఊరికే సుమ్నే ఇన్ని మాటలు ఏమిటికి?"

నాకు కోపం వచ్చింది, ఆమె సరిగ్గా చెప్పినప్పుడు వచ్చే రకం కోపం. "సూదిదేముంది, నేనే పట్టుకోగలను," అన్నాను.

"అట్లయితే సంతకానికి ఏమి అడ్డం?"

పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఇక్కడ నా నాదస్వరం రికార్డు గురించి చెప్పాలి. శ్రీనివాసపురం మండీలో చిక్కవెంకటప్ప అని మామిడికాయల వ్యాపారి ఉన్నాడు. వాళ్ళ నాన్న హయాంలోని రికార్డు ఒకటి వాళ్ళ అటక మీద ఉంది. రెండు సీజన్లు ఆయన వెంట తిరిగాను. లారీల్లోకి సరుకు ఎత్తేటప్పుడు బుట్టలు లెక్కపెట్టి సాయం కూడా చేశాను. ఆఖరికి ఆ వేసవిలో ఇచ్చాడు. మధ్యలోని కాగితాన్ని చెదలు తినేశాయి. వాయించింది ఎవరో, ఏ ఊరివారో ఎవరికీ తెలియదు. తోడి ఆలాపన, మూడున్నర నిమిషాలు. మొదటిసారి వత్సలను కూర్చోబెట్టుకుని ఒక్కణ్ణే విన్నాను. విని దొడ్లోకి పోయి నిలబడ్డాను. అలాంటిది ఇంకొకటి ఎక్కడా ఉండదని నా నమ్మకం.

దాన్ని స్నేహితులకు వినిపిస్తానని చెప్పిన ఆదివారమే వత్సలకు హాకీ మ్యాచి పడింది, బెంగళూరు కాలేజీ జట్టుతో, మధ్యాహ్నం మూడున్నరకు.

"నాయనా, ఈ ఒక్క వారం," అంది వత్సల. "వచ్చే వారానికి పెట్టుకోకూడదా?"

"నువ్వు పో, నేను చూసుకుంటాను," అన్నాను. కుముద వింటోందని కొంచెం గట్టిగానే అన్నాను.

ఆదివారం నాలుగయింది. వెంకటేశయ్య గారు, సుబ్బరాయశెట్టి వచ్చి కూర్చున్నారు. నేను ముక్కాలిపీట మీద కూర్చున్నాను. అది నాకు చాలా చిన్నది, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. వెంకటేశయ్య గారు ఇటు చూసి మర్యాదగా కళ్ళు మూసుకున్నారు. కీ ఇచ్చి, కొత్త సూది పెట్టి, రికార్డు మీదికి దించాను. చెయ్యి జానెడు దూరంలో ఉంచాను.

నాదస్వరం మొదలైంది. పాటను వింటూ పాత్రలనూ వినడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పాట నన్ను అటు లాగుతోంది, నేను చెవిని వంటింటి వైపు లాక్కుంటున్నాను. వీపంతా చెమట పట్టింది. వాయించే ఆయన మెల్లగా పైకి పోతున్నాడు, ఇంకా పైకి, అక్కడ ఒక్క స్వరం పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు పాత్రలు మోగాయి.

నేను దూకాను. చెయ్యి వేగంగానే పోయింది, కానీ సూదిని ఎత్తలేదు, తోసింది. రికార్డు మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా బర్రుమని గీసుకుపోయింది. స్నేహితులిద్దరూ లేచి అలవాటు కొద్దీ షాఫ్టు వైపు తిరిగారు. ముగ్గురం కుదుపు కోసం ఎదురుచూశాం. ఇల్లు అదరలేదు. గోడ మీది పటం కూడా కదలలేదు.

కుముద వంటింట్లోంచి వచ్చి, నా చేతినీ రికార్డునూ చూసింది.

"బర్స్టు కాదు," అంది. "పక్కింట్లో అంబుజమ్మ అర మీది సామాను దించుతా ఉండాది. ఇత్తడి బిందె గోడకు తగిలింది. మన అర కూడా ఆ గోడకే గదా."

గని చేయని పని నా చెయ్యే చేసింది. వెంకటేశయ్య గారు గొంతు సవరించుకుని, విన్నంతవరకు అద్భుతం అన్నారు. సుబ్బరాయశెట్టి చెప్పులు వెతుక్కున్నాడు. కుముద నవ్వుతుందని చూశాను. నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

రికార్డును అట్టలో పెట్టుకుని బయలుదేరాను. గ్రామఫోను కింది ఫారం ఎప్పుడు జేబులో పెట్టుకున్నానో గుర్తు లేదు. దారంతా మనసులో వత్సలను తిట్టుకున్నాను. ఉండి ఉంటే ఇది జరిగేదా అని. దిబ్బ పక్కన గ్రౌండుకు పోయేసరికి జనం గట్టు మీద గుమిగూడి గోలు వైపే చూస్తున్నారు. రెండేళ్ళలో నేను ఆట చూడడానికి రావడం అదే మొదలు. మునిస్వామి పక్కకు పోయి నిలబడ్డాను.

"పెనాల్టీ స్ట్రోక్ సార్," అన్నాడు. "ఆ పాప కొడతాది, మన పాప ఆపాల. వేరే ఎవరూ లేరు."

ఏడు గజాల దూరంలో బంతి. దాని వెనక పొడుగాటి బెంగళూరు అమ్మాయి. గోలు ముందు మా వత్సల, కాళ్ళకు ప్యాడ్లతో, కుడిచెయ్యి కొంచెం ముందుకు చాపి. ఆ చెయ్యి నాకు తెలుసు. ఆ మొహమూ తెలుసు. పన్నెండేళ్ళుగా నేను కళ్ళు మూసుకుని కూర్చుంటే నా పక్కన ఉన్న మొహం అది. నేను ఎన్నడూ చూడనే లేదు.

విజిలు మోగింది. కర్ర కదిలింది. బంతి ఎడమవైపు పోయింది, అప్పటికే వత్సల అక్కడ ఉంది. బంతి ఆమె చేతికి తగిలి పక్కకు పడింది. గట్టంతా కేకలు వేసింది. నేను కేకలు వేయలేదు. రికార్డును గుండెకు అదిమిపట్టుకుని నిలబడ్డాను.

ఇంత చేసీ మనవాళ్ళు ఓడిపోయారు, రెండు గోల్సు తేడాతో. మునిస్వామికి ఏమీ దిగులు లేదు. "ఏడు గోల్సు పోవాల సార్, రెండే పోయినాయి," అన్నాడు.

వత్సల ప్యాడ్లు విప్పకుండానే నడుచుకుంటూ వచ్చింది. నా చేతిలోని అట్టను చూసి ఆగిపోయింది. అందులోంచి రికార్డు తీసి చూపించాను. గీత మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా లాగింది.

"బర్స్టు రాలేదే ఈ పొద్దు," అంది.

"అంబుజమ్మ బిందె," అన్నాను.

"అయ్యో నాయనా. బిందె అయితే ఒక చోటనే మోగుతాది. భూమి కదిలితే అన్నీ ఒకేసారి మోగుతాయి, చిన్న గిన్నెలు ముందు."

"మరి ఇక్కడ? ఇక్కడ ఏ గిన్నెలున్నాయి?"

"ఇక్కడ భుజం చెప్తాది," అంది. "ఆ పిల్ల కర్ర ఎత్తక ముందే భుజం ఎడమకు తిరిగింది. బంతిని చూస్తా ఉంటే ఆలస్యమైపోతాది. సూదిని చూస్తా ఉన్నా అంతే."

నేను సూదినే చూస్తూ కూర్చున్నాను. ఆ మాట ఒప్పుకోకుండా జేబులోంచి ఫారం తీశాను. రాయడానికి బల్ల లేదు. మునిస్వామి పెన్ను ఇచ్చాడు. నాదస్వరం రికార్డునే కింద పెట్టుకుని, దాని మీద ఫారం పరిచాను. పెన్ను ఆనించాను కానీ చెయ్యి కదల్లేదు. నా దిగులు సూది గురించి కాదని అప్పుడు తెలిసింది. ఆదివారం నాలుగు గంటలకు నా పక్కన ఎవరూ ఉండరని. మునిస్వామి మర్యాదగా దిబ్బ వైపు చూశాడు. వత్సల మాత్రం నా భుజం చూస్తోంది. నాకంటే ముందే దానికి తెలిసిపోయినట్టుంది, నేను సంతకం పెట్టకముందే కళ్ళు తుడుచుకుంది.

వత్సల బెంగళూరు పోయింది, ఎన్నికైంది, హాస్టల్లో చేరింది. తిండి బాగుందని రాసింది, నన్ను ఓడించడానికే రాసిందని నా అనుమానం. రెండు ఆదివారాలు నేను గ్రామఫోను తెరవలేదు. మూడోసారి స్నేహితులు రాకపోయినా నేనొక్కణ్ణే కూర్చుని ఒక వీణ రికార్డు పెట్టాను. పీట ఎప్పటి చోటే ఉంది, దాని మీద నేను కూర్చోలేదు.

పాట సగంలో పాత్రలు మోగాయి. చిన్న గిన్నెలు ముందు, తరువాత అన్నీ. ఈసారి తప్పు లేదు, నాకు స్పష్టంగా తెలిసింది, టైము కూడా ఉంది. చెయ్యి చాపాను. ఇల్లు అదిరింది, సూది ఎగిరి పడింది, వీణ ఒక్క చోట ఆగి అదే మీటు మీటుతూ ఉండిపోయింది. నా చెయ్యి సూది మీద లేదు. పక్కనున్న ఖాళీ ముక్కాలిపీటను గట్టిగా పట్టుకుని ఉంది, పిల్ల పడిపోకుండా పట్టుకున్నట్టు.

కుముద గుమ్మంలోంచి అది చూసింది. అంబుజమ్మ వాకిట్లోకి పోయింది. పది నిమిషాలు గడిచాయి, సైరను మోగలేదు, కింద అందరూ క్షేమం. కుముద చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వచ్చి, కీ అయిపోయి ఆగిన రికార్డు మీదినుంచి సూదిని ఎత్తింది.

"ముప్పై తొమ్మిది," అంది.

ఆమె లెక్కపెడుతోందని నాకు పాతికేళ్ళుగా తెలియదు. ఏదో ఎగతాళి వస్తుందని కాచుకున్నాను. ఆమె నా చేతిని పీట మీదినుంచి ఒక్కొక్క వేలే విడిపించి, తాను ఆ పీట మీద కూర్చుంది.

"వేరేది పెట్టండి," అంది. "ఆ అర మీద గిన్నెలు సర్దేది నేనే. నాకూ వినిపిస్తాయి."